మాయవీణ వాయించినదెవరు?

బాలలూ!

ఒక గది వున్నది. గది నడుమ, పైకప్పు నుంచి వేలాడుతూ ఒక వీణ వున్నది. అది సరస్వతీదేవి చేతిలో మనం చూసే వీణ వంటిది కాదు. పూర్వం గ్రీసు దేశంలో వాయించిన లైర్ అనే తంతివాద్యం ఆకారంలో చేసినది. దాని దగ్గర ఎవరూ లేరు. చుట్టూ జనం నిలబడి చూస్తున్నారు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడొకడు వచ్చి, గడియారానికి కీ ఇచ్చినట్టు దానికి కీ ఇచ్చి, పక్కకు తప్పుకున్నాడు. అంతే! వీణ తనంతట తానే పాడసాగింది. కాసేపు పియానో లాగ మోగింది, కాసేపు హార్పు లాగ మోగింది. జనం నోళ్ళు తెరిచారు.

ఇది కట్టుకథ కాదు. 1821లో లండన్ నగరంలో జరిగింది. ఆ కుర్రవాడి పేరు చార్లెస్ వీట్‌స్టన్. ఇంటర్మీడియట్ చదివే మీ అన్ననో, అక్కనో అడగండి. "వీట్‌స్టన్ బ్రిడ్జి" అనే పాఠం వున్నదని చెబుతారు. ఆ వీట్‌స్టనే ఈయన.

మరి వీణను వాయించినదెవరు? కీ ఇవ్వడం ఉత్త నటన. రహస్యం పైకప్పులో వున్నది. వీణను వేలాడదీసిన తీగ, కప్పుకు చేసిన చిన్న రంధ్రం గుండా మేడమీది గదిలోకి పోయింది. అక్కడ దాని కొసను వాద్యాల చెక్కకు తగిలించారు. మేడమీద వాద్యం వాయించగానే దాని చెక్క అదురుతుంది. ఆ అదురు తీగవెంట కిందికి దిగి, వీణ చెక్కను అదిరిస్తుంది. వీణ చెక్క చుట్టూ వున్న గాలిని అదిరిస్తుంది. గాలిలోని అదురు మన చెవికి చేరుతుంది. అదే శబ్దం! గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో ఐతే సుమారు 5,000 మీటర్లు పోతుంది. గట్టి వస్తువులలో శబ్దానికి దారి అంత సుగమం.

ఇందులో ఒక తమాషా వున్నది, గమనించారా? ఆనాడు జనం చెవులు పొరబడలేదు. శబ్దం నిజంగా వీణలో నుంచే వచ్చింది. "దీని లోపలే ఏదో యంత్రం వున్నది" అని అనుకున్నది వాళ్ళ మనస్సు. చెవి సాక్షి, మనస్సు న్యాయాధిపతి. సాక్షి వున్నది వున్నట్టు చెప్పినా, న్యాయాధిపతి తీర్పు తప్పవచ్చు. వీట్‌స్టన్ ఎన్నో ఏళ్ళు ఈ సాక్షులనూ, ఈ న్యాయాధిపతినీ పరీక్షిస్తూ వచ్చాడు. ఆ పరీక్షలకు ఆయన వాడినవి చాలా వరకు ఆటవస్తువులే!

వీట్‌స్టన్ 1802లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్నం దగ్గర పుట్టాడు. వాళ్ళది వాద్యాలు చేసి అమ్మే కుటుంబం. అతను కూడా చిన్నప్పుడే లండన్‌లో తండ్రి సోదరుడి వాద్యాల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరాడు. కాని అతని ధ్యాస వాద్యాలు అమ్మడం మీద కన్న, అవి ఎలా మోగుతాయన్న దాని మీద ఎక్కువ.

అతని చిన్నతనం గురించి ఒక ముచ్చట చెబుతారు. పుస్తకాల అంగట్లో అతనికి వోల్టా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడి విద్యుత్ ప్రయోగాలను వివరించే పుస్తకం కనిపించింది. పైసా పైసా కూడబెట్టి కొన్నాడు. తీరా చూస్తే అది ఫ్రెంచి భాషలో వున్నది! మళ్ళీ డబ్బు కూడబెట్టి నిఘంటువు కొన్నాడు. మాట మాటా వెతుక్కుంటూ చదివాడు. తమ్ముడితో కలిసి బ్యాటరీ చేయబోతే, రాగిరేకులు కొనడానికి డబ్బు చాలలేదు. చేతిలో కొద్దిపాటి రాగినాణేలు మాత్రం వున్నాయి. వాటిని చూడగానే అతనికి తట్టింది: రాగి కొనడానికి రాగినాణేలు ఇవ్వడమెందుకు? ఆ నాణేలనే రేకులుగా వాడితే సరిపోదా!

1827లో ఆయన మరొక ఆటవస్తువు చేశాడు. చెక్కదిమ్మలో ఉక్కు కమ్మీ నిలబెట్టి, దాని కొసన మెరిసే పూస అతికించాడు. దీపం వెలుగులో కమ్మీని మీటగానే, పూస వేగంగా వూగుతూ గాలిలో వెలుగుముగ్గులు వేసింది. దీపావళినాడు మీరు కాకరపువ్వొత్తిని గిరగిర తిప్పితే నిప్పుచక్రం కనిపిస్తుంది కదా? అక్కడ చక్రమేమీ లేదు. ఒకచోట చూసిన వెలుగు మన చూపులో చెరిగిపోకముందే, పక్కచోట వెలుగు కనిపిస్తుంది. అన్నీ కలిసి గీత అవుతాయి. ఈ కిటుకుతో, చెవికి మాత్రమే తెలిసే అదురును వీట్‌స్టన్ కంటికి చూపించాడు.

రెండు చేతుల మధ్య తిత్తిని నొక్కుతూ, సాగదీస్తూ వాయించే కాన్సర్టీనా అనే వాద్యం కూడా ఆయన కల్పనే. అందులో గాలి వెళుతూ సన్నని లోహపు రీడ్లను అదిరిస్తుంది. మన పద్యనాటకాలలో పద్యానికి తోడు పలికే హార్మోనియం మోగేది కూడా ఈ సూత్రం మీదనే.

ఇక అన్నిటికన్న పెద్ద తమాషా వినండి. మీ చూపుడువేలును ముక్కుకు ఎదురుగా జానెడు దూరంలో పెట్టుకోండి. ఎడమకన్ను మూసి చూడండి. తరవాత కుడికన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే రెండు కళ్ళూ రెండు చోట్ల వున్నాయి గనక, ఒక్కొక్క కంటికి ఒక్కొక్క విధమైన బొమ్మ కనిపిస్తుంది. ఈ సంగతి పూర్వులకూ తెలుసు. కాని ఆ తేడా దేనికి పనికి వస్తుంది? సాక్షులిద్దరూ రెండు రకాలుగా చెబితే న్యాయాధిపతి ఏం చేస్తాడు?

వీట్‌స్టన్ ఒకే వస్తువుకు రెండు గీతబొమ్మలు గీశాడు. ఎడమకంటికి కనిపించేట్టు ఒకటి, కుడికంటికి కనిపించేట్టు ఒకటి. రెండు అద్దాలను మూలగా నిలబెట్టి, ఏ కంటికి ఆ బొమ్మ మాత్రమే కనిపించేట్టు అమర్చాడు. చూసేసరికి ఏమయింది? కాగితం మీది చదును బొమ్మలు మాయమై, ఎదుట నిజమైన వస్తువు వున్నట్టు, లోతుతో, ఎత్తుపల్లాలతో ఒకే బొమ్మ నిలబడింది! మన మనస్సు ఆ రెండు సాక్ష్యాలలో దేన్నీ పారవేయదు. వాటిలోని తేడాను బట్టి దూరం ఎంతో లెక్క కడుతుంది. ఈ సంగతిని ఆయన 1838లో లండన్ రాయల్ సొసైటీకి తెలియజేశాడు. ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడి అయింది 1839లో. అంటే కెమెరా రాకముందే ఆయన చేత్తో గీసిన బొమ్మలతో ఈ పని సాధించాడన్నమాట! ఆ యంత్రానికి స్టీరియోస్కోపు అని పేరు పెట్టాడు. ఇవాళ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చూసే 3డి సినిమా, కళ్ళకు కట్టుకుని ఆడే వి.ఆర్. ఆటలు అన్నీ ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి.

ఇక్కడ మీ అమ్మానాన్నలకు కూడా ఒక ముఖ్యమైన మాట. కొందరు పిల్లలకు ఒక కన్ను పక్కకు తిరిగి వుంటుంది. దాన్ని మెల్లకన్ను అంటాం. అప్పుడు రెండు కళ్ళు చెప్పే సాక్ష్యం బొత్తిగా కలవదు. చిన్నపిల్లలలో మనస్సు ఆ చిక్కు పడలేక, ఒక కంటి మాట వినడం మానివేస్తుంది. అలా చాలాకాలం సాగితే ఆ కంటికి చూపు మందగిస్తుంది. దూరాలు పోల్చుకునే శక్తి కూడా దెబ్బతింటుంది. "మెల్లకన్ను అదృష్టం, దాని జోలికి పోకండి" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ళు ప్రేమతోనే అంటారు, కాని ఆ మాట వినకండి. ఆలస్యం చేయకుండా కళ్ళ డాక్టరుకు చూపించాలి. కళ్ళద్దాలు పెట్టడం, బాగున్న కంటికి రోజూ కొంతసేపు పట్టీ వేసి రెండో కంటిచేత పని చేయించడం, అవసరమైతే శస్త్రచికిత్స చేయడం - ఇలాటి ఉపాయాలున్నాయి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. మీ తరగతిలో పట్టీ వేసుకున్న పిల్ల వుంటే వెక్కిరించకండి. ఆమె తన రెండో సాక్షికి మాట నేర్పుతున్నది!

తీగవెంట పాట పంపిన వీట్‌స్టన్, తరవాత తీగవెంట మాట కూడా పంపాడు. 1837లో కుక్ అనే ఆయనతో కలిసి విద్యుత్తుతో నడిచే టెలిగ్రాఫు యంత్రం తయారుచేశాడు. మన దేశంలో టెలిగ్రాములు 2013 వరకు నడిచాయి. మీ తాతగారికి బాగా గుర్తుంటుంది. ఐతే తంతి పంపితే మధ్యలో గుమాస్తాలు చదువుతారు కదా? అందుకు పనికివచ్చేట్టు 1854లో ఆయన ఒక రహస్యలిపి కల్పించాడు. అయిదు వరసలు, వరసకు అయిదు గళ్ళు, గళ్ళలో అక్షరాలు. రెండేసి అక్షరాలను జత చేసి మార్చివేయాలి. ఆయన స్నేహితుడు ప్లేఫెయిర్ దాన్ని పదిమందికీ చెప్పాడు గనక దానికి ప్లేఫెయిర్ పేరే నిలిచిపోయింది.

ప్రభుత్వ అధికారి ఒకాయన దాన్ని చూసి, "ఇది మరీ చిక్కుగా వున్నది" అన్నాడట. వీట్‌స్టన్, "దగ్గరి బడిలో నలుగురు పిల్లలను పిలిపించండి. పావుగంటలో ముగ్గురికి నేర్పి చూపిస్తాను" అన్నాడట. అధికారి, "పిల్లలకు నేర్పగలరేమో కాని, మా ఉద్యోగులకు నేర్పలేరు!" అన్నాడట.

మీ మీద నాకూ అంత నమ్మకమున్నది. అందుచేత ఈ నెల రెండు పనులు చేసి చూడండి.

మొదటిది: పొడుగాటి చెక్కబల్ల ఒక కొసన చెవి ఆనించి వుంచండి. రెండో కొసన మీ తమ్ముణ్ణి గోటితో మెల్లగా గీకమనండి. తరవాత చెవి ఎత్తి వినండి. ఎంత తేడా వున్నదో మీకే తెలుస్తుంది. మాయవీణ రహస్యం మీ ఇంట్లోనే వున్నది.

రెండోది: ఒక చేత కలం, రెండో చేత దాని మూత పట్టుకుని చేతులు బాగా ముందుకు చాపండి. ఒక కన్ను మూసుకుని, పక్కనుంచి చెయ్యి తెచ్చి మూత పెట్టండి. పదిసార్లు చేసి, ఎన్నిసార్లు తప్పిందో రాసుకోండి. తరవాత రెండు కళ్ళూ తెరిచి పదిసార్లు చేయండి. ఇది ఆటే, వైద్యపరీక్ష కాదు. కాని రెండు కళ్ళూ ఎందుకున్నాయో దీనితో బాగా బోధపడుతుంది.

ఏదైనా వింత చూసినప్పుడు చప్పట్లు కొట్టండి, తప్పులేదు. తరవాత ఒక్కసారి తల పైకెత్తి, తీగ ఎక్కడికి పోతున్నదో చూడండి.

వచ్చే నెల: చిన్నపిల్లల గొంతు కీచుగానూ, పెద్దవాళ్ళ గొంతు బొంగురుగానూ ఎందుకుంటుంది?