ఒక్క ఫ్రేమే కదా అనుకోకండి!

వినాయక చవితి వచ్చిందంటే ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్లలో పిల్లల డ్యాన్సులు, వెనక ఎల్‌ఈడీ తెరల మీద తిరిగి తిరిగి వచ్చే వీడియోలు మామూలే. పాట సగానికొచ్చేసరికి అడుగు ఒకచోట, బొమ్మ ఇంకోచోట! నెలరోజులు నేర్చుకున్న పిల్లలు బిక్కమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు, లెక్కది.

నిమిషానికి 120 బీట్ల పాటలో 16 బీట్లంటే సరిగ్గా 8 సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 200 ఫ్రేములు. 201 ఉన్నాయో, 25 సార్లు తిరిగేసరికి, అంటే మూడున్నర నిమిషాల్లోపే, తెర ఒక సెకను వెనకబడుతుంది.

మూడు తెరలకు మూడు లాప్‌టాప్‌లు పెట్టి ఒకేసారి నొక్కినా చాలదు. దేని గడియారం దానిదే. పాటనూ వీడియోలనూ ఒకే కంప్యూటర్‌లో ఒకే టైమ్‌లైన్‌ మీద పేర్చండి. కుదరకపోతే ఒకదాని టైమ్‌కోడ్‌నే మిగతావి అనుసరించేలా చూడండి. భజనలో గొంతులెన్నున్నా తాళం ఒక్కటే కదా!