ఆమె వదిలేయడానికి మనం ఏమిచ్చాం?

మా ఏజెన్సీ పల్లెలో పుట్టిన పిల్ల ఒకామె ఈమధ్య నిత్య మాటపట్టు చేసింది. చూడటానికి మేమూ వెళ్లాం. మాలో సగం మంది బాప్తిస్మం లేనివాళ్లమే. డప్పు, తుడుం వాయిస్తూ, థింసా ఆడుతూ ఆమెను గుమ్మం నుంచి పీఠం దాకా తీసుకెళ్లారు. పునీతుల ప్రార్థన పాడుతుంటే నేల మీద బోర్లా పడుకుంది. లేచాక పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత బతికినన్నాళ్లూ పాటిస్తానని చదివి, ఆ కాగితాన్ని పీఠం మీదే పెట్టి సంతకం చేసింది. వేలికి ఉంగరం తొడిగారు.

అసలు గొడవ భోజనాల దగ్గర మొదలైంది. ‘ఇక ఆ పిల్ల మన తెగ మనిషి కాదు’ అన్నాడు వరసకు మామ అయ్యే పెద్దాయన. మేనరికం తప్పిపోయింది, ఓలి పోయింది అన్నారు ఇంకొందరు. చదువుకున్న కుర్రాడొకడు, వాడు మన ఆశ్రమ పాఠశాల పిల్లాడే, ‘భూమి కూడా చర్చికి పోతుంది’ అన్నాడు. అక్కడ సగమే చెప్పగలిగాం, మిగతాది ఇక్కడ చెబుతున్నాం.

ముందు భూమి సంగతి. షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం ఉంది. గిరిజనుల భూమి గిరిజనేతరుడికైనా, అలాంటివాళ్లున్న సంస్థకైనా రాసిస్తే చెల్లదు. చివరి మాటపట్టుకు ముందు వీలునామా రాయాలని చర్చి చట్టం చెబుతుంది, నిజమే. కానీ రాయడానికి ఆమెకేం ఉంది? హిందూ వారసత్వ చట్టం మనకు వర్తించదు, ఆచారం ఆడపిల్లకు వాటా ఇవ్వదు. 2006 అటవీ హక్కుల చట్టంలో పోడు పట్టా పెళ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరా వస్తుంది, తండ్రి ఇంట్లో ఉన్న పెళ్లికాని కూతురి పేరు అందులో ఉండదు. సెంటు భూమి లేని మనిషి పేదరికం మాట ఇచ్చింది. ఆ పేదరికంలో చాలా భాగం ముందే మనం ఇచ్చిందే. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో ఆడవాళ్లకు సమాన వాటా ఉందని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. ఆ తీర్పు గురించి మన పెద్దలెవరూ భోజనాల దగ్గర మాట్లాడలేదు మరి.

తెగ మనిషి కాదన్న మాటకు వద్దాం. షెడ్యూల్డు కులాల జాబితాకు మతం షరతు ఉంది, తెగల జాబితాకు లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని, తెగ ఆచారాలు పాటిస్తున్నారో లేదో చూడాలని సుప్రీంకోర్టు 2004లోనే అంది. మతం మారినవాళ్లను జాబితా నుంచి తీసేయాలని అరిచేవాళ్లు బయట ఉన్నారు. వాళ్ల పని మన ఇంట్లోనే మనం మొదలుపెడితే ఎలా?

రాంచీ దగ్గర ఉరావ్ తెగ పిల్ల బెర్నదెత్ కిస్పొట్టా సంగతి మన పిల్లలకు చెప్పాలి. పెళ్లి వద్దంది. ఆదివాసీ పిల్లలు సన్యాసానికి పనికిరారన్న అనుమానం ఆనాటి తెల్లదొరల చర్చిలోనే ఉండేది. అయినా ఆమె, మరో ముగ్గురు ఆదివాసీ యువతులు పట్టు విడవలేదు. 1897 జులై 26న పునీత అన్నమ్మ కుమార్తెల సభ వాళ్లతో మొదలైంది. అలా ఇంటా బయటా అడ్డుపడినా నిలబడ్డ ఆడవాళ్ల సభను మనం పోగొట్టుకున్నదాని కింద రాసుకోవాలా?

ఇదంతా చెప్పామని మఠాలను వెనకేసుకొస్తున్నాం అనుకోవద్దు. ఆదివాసీ సిస్టర్లను హాస్టల్ వంటకూ రోగుల సేవకూ పంపి, పెత్తనం కుర్చీలు బయట నుంచి వచ్చినవాళ్లకు ఉంచే మఠాలను మేం చూశాం. విధేయత మాట ఇచ్చిన మనిషి ఎదురు అడగలేదు కాబట్టి ఆమె తరఫున మనం అడగాలి. మాతృభాషలో పూజ అంటారు, ఆ రోజు మాటపట్టంతా తెలుగులోనే జరిగింది. ముందు వరసలో కూర్చున్న ఆమె అవ్వకు కువి తప్ప మరో భాష రాదు. మనవరాలు ఏం చదివిందో మేమే చెవిలో చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ముసలమ్మ ఒక్కటే అడిగింది: కొత్త పంట పండగకి పంపిస్తారా?

ఆ మాట మేం పెద్ద సిస్టర్‌ని అడిగాం. చూద్దాం అన్నారు. చూద్దాం కాదు, పంపాలి. ఆమె ఆ పండక్కి వచ్చిన రోజు తండ్రి పోడులో ఆమె వాటా ఎంతో తేల్చి, ఊరి పెద్దలంతా చెప్పాలి. ఉంచుకుంటుందో, తమ్ముడికిస్తుందో, ఆ మాట ఆమే చెబుతుంది.