బండిలో ఫ్రిజ్ కొంటున్నారా? లీటర్లు కాదు, ముందు మీ సరుకు చూడండి



ఎండలు ముదిరేసరికి మన ప్రకృతి వ్యవసాయ రైతుల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, ఆవు పాలు, పెరుగు, పన్నీరు బండిలో సిటీకి తీసుకెళ్తున్నాను. బండిలో పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లు వచ్చాయంట కదా, ఏది కొనమంటావు? 20 లీటర్లదా, 40 లీటర్లదా?" అని అడుగుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఫ్రిజ్ ఉన్న చల్లదనాన్ని కాపాడుతుంది. వేడి సరుకును చల్లబరచడం దాని వల్ల అయ్యే పని కాదు. ఈ ఒక్క తేడా తెలియక చాలామంది డబ్బు పోసి కొని, మూడు నెలలు తిరక్కుండానే దాన్ని ఇంట్లో బట్టలు పెట్టుకునే పెట్టె చేస్తున్నారు. మన దగ్గర మిగిలేదే తక్కువ. ఆ మిగిలింది తీసుకెళ్లి ఇనుప పెట్టెలో పోసే ముందు ఒక గంట కూర్చుని లెక్క వేసుకోవాలి.

ముందు పాల లెక్క

ఆవు పొదుగు నుంచి వచ్చిన పాలు ఇంచుమించు మన ఒంటి వేడితోనే ఉంటాయి. పితికి, వడకట్టి, క్యాన్‌లో పోసేసరికి 35 డిగ్రీలు అనుకుందాం. వాటిని 5 డిగ్రీలకు తేవాలి. అంటే 30 డిగ్రీలు తగ్గాలి.

లీటరు పాలు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే సుమారు 4 కిలోజౌళ్ల వేడి బయటికి పోవాలి. 20 లీటర్లకు, 30 డిగ్రీలకు కలిపితే 2,400 కిలోజౌళ్లు. బండిలో పెట్టే చిన్న కంప్రెసర్ సెకనుకు 60, 70 జౌళ్ల వేడి లాగుతుందనుకున్నా, ఆ పాలు చల్లబడటానికి పది గంటల దాకా పడుతుంది. మీరు కర్నూలు దగ్గర పల్లె నుంచి హైదరాబాద్‌కు నాలుగైదు గంటల్లో చేరిపోతారు. మీరు చేరేసరికి పాలు ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. ఫ్రిజ్ పాడైందేమో అని దాన్ని తిట్టుకుంటారు. దాని తప్పేమీ లేదు, మనం పెట్టిన పనే తప్పు.

ఇప్పుడు ఐసు లెక్క చూడండి. కిలో ఐసు కరిగితే 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది. అంటే అదే 20 లీటర్లకు ఏడెనిమిది కిలోల ఐసు చాలు. చుట్టుపక్కల గాలి వేడికి కొంత కరిగిపోతుంది కాబట్టి పది కిలోలు వేసుకోండి. ముందుగా క్యాన్‌ను బావి నీళ్ల తొట్టిలో పెడితే కొంత ఐసు కూడా మిగులుతుంది. ఆ తర్వాత ఐసు నీళ్లలో దించి, శుభ్రమైన గరిటెతో మధ్యమధ్యలో తిప్పుతూ ఉంటే గంట, గంటన్నరలో పని అయిపోతుంది. ఐసు మాత్రం క్యాన్ బయటే ఉండాలి, పాలలో ఎప్పుడూ వేయకూడదు. 20 లీటర్ల పెద్ద క్యాన్ ఒకటి కన్నా 5 లీటర్ల స్టీలు క్యాన్లు నాలుగు త్వరగా చల్లబడతాయి.

ఇలా ఇంట్లో చల్లబరిచిన పాలను బండి ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పుడు దాని పని తేలిక. బయట 42 డిగ్రీల ఎండ ఉన్నా లోపల 4 డిగ్రీల దగ్గర పట్టి ఉంచగలదు. బయలుదేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఖాళీ పెట్టెను నడిపి, లోపలి గోడలను కూడా చల్లబరచుకోవాలి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? మన పాలలో ఏ నిల్వ మందూ కలపం. కొనేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొనేది ఆ నమ్మకంతోనే. ఏమీ కలపని పాలకు చల్లదనం ఒక్కటే కాపలా. అయితే చల్లదనం సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే గానీ వాటిని చంపదు. అందుకే పొదుగు కడగడం, చేతులు కడుక్కోవడం, క్యాన్ ఎండలో ఆరబెట్టడం, ఇంటికి వెళ్లాక కాచుకోమని కొనేవాళ్లకు చెప్పడం, ఇవన్నీ ఫ్రిజ్ కన్నా ముందు రావాలి.

పెల్టియర్ రకం మనకొద్దు

బజారులో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పెల్టియర్ రకం, దీన్నే థర్మోఎలక్ట్రిక్ కూలర్ అంటారు. తేలిగ్గా ఉంటుంది, చవక, శబ్దం తక్కువ. కానీ ఇది బయటి వేడి కన్నా 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. మే నెలలో మూసిన బండి లోపల 45 డిగ్రీలు ఉంటే ఈ పెట్టెలో 25 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడిలో పాలు తోడుకుంటాయి గానీ నిలవవు. మంచినీళ్ల సీసాకు పనికొస్తుంది, మన సరుకుకు పనికిరాదు.

రెండోది కంప్రెసర్ రకం. ఇంట్లో ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే, 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. బయట ఎంత ఎండ ఉన్నా మీరు పెట్టిన డిగ్రీకి తెస్తుంది. చాలా మోడళ్లు సున్నాకు కింద 18 డిగ్రీల దాకా వెళ్తాయి. బరువెక్కువ, ధర కొన్ని రెట్లు ఎక్కువ. అయినా కొంటే ఇదే కొనాలి.

రెండింటినీ గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పెట్టె మీద "బయటి వేడి కన్నా ఇన్ని డిగ్రీలు తక్కువ" అని రాసుంటే అది పెల్టియర్. "సున్నాకు కింద 18" లాంటి గట్టి అంకె ఉంటే కంప్రెసర్. చేత్తో ఎత్తి చూసినా బరువులోనే తెలిసిపోతుంది. గ్యాసు మీద నడిచే మూడో రకం ఒకటి ఉంది గానీ, అది సమతలంగా నిలబడిన చోటే సరిగా పనిచేస్తుంది. గుంతల రోడ్డు మీద కదిలే బండికి దాన్ని అడగనే వద్దు.

బ్యాటరీ మాట మర్చిపోవద్దు

అమ్మేవాళ్లు లీటర్లు చెబుతారు, రంగులు చెబుతారు. బ్యాటరీ సంగతి మీరే అడగాలి.

45 వాట్ల కంప్రెసర్ 12 వోల్టుల మీద సుమారు 4 ఆంపులు లాగుతుంది. అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి సగం సేపు నడిచిందనుకుంటే సగటున గంటకు 2 ఆంపులు. ఇంజిను ఆపి పది గంటలు బండి నిలబెడితే 20 ఆంప్ అవర్లు పోతాయి. మన చిన్న బండ్ల బ్యాటరీ 35 నుంచి 50 ఆంప్ అవర్ల మధ్య ఉంటుంది. పైగా అది ఇంజిను స్టార్టు చేయడానికి తయారైన బ్యాటరీ. సగానికి మించి తోడేస్తే తొందరగా పాడవుతుంది. ఎండాకాలంలో కంప్రెసర్ సగం కన్నా ఎక్కువ సేపే నడుస్తుంది. సంతలో మధ్యాహ్నం దాకా బండి ఆపి, సాయంత్రం తాళం తిప్పితే కటకటమని శబ్దం తప్ప ఇంకేమీ రాదు.

కాబట్టి మూడు జాగ్రత్తలు. ఒకటి, వోల్టేజి పడిపోతే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉన్న ఫ్రిజ్ కొనండి. అందులో మూడు స్థాయిలుంటే బండి బ్యాటరీ మీద నడిపేటప్పుడు అన్నిటికన్నా పైస్థాయిలో పెట్టుకోండి. రెండు, సిగరెట్ లైటర్ సాకెట్‌ను నమ్ముకోవద్దు. కుదుపులకు ప్లగ్గు వదులై వేడెక్కుతుంది. చాలా బండ్లలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది కూడా. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు లాగించి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇది చిన్న పని. మూడు, రోజంతా బండి నిలబెట్టే వాళ్లయితే విడిగా ఒక లిథియం బ్యాటరీ పెట్టుకోండి. 100 ఆంప్ అవర్లది ఉంటే పై లెక్కన రెండు రోజుల దాకా నడుస్తుంది. బండి పైన 100 వాట్ల సోలార్ పలక ఉంటే మంచి ఎండలో చాలావరకు అదే నింపేస్తుంది. కానీ ఈ ఖర్చు కూడా ఫ్రిజ్ ధరలో కలిపి చూసుకోవాలి.

ఏ సరుకు లోపల, ఏ సరుకు బయట

ఫ్రిజ్ ఉంది కదా అని అన్నీ అందులో కుక్కకండి.

పాలు, పెరుగు, వెన్న, పన్నీరు: 4 డిగ్రీల దగ్గర. వీటిని గడ్డ కట్టించొద్దు. గడ్డ కట్టి కరిగిన పెరుగు విరిగి నీళ్లు వదులుతుంది, పన్నీరు పొడిపొడి అవుతుంది. నెయ్యికి అసలు ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలకుండా ఉంటే చాలు.

నాటుకోడి మాంసం, చేపలు: దగ్గరికైతే ఐసులో, దూరమైతే ఫ్రీజర్‌లో. పాలున్న పెట్టెలో పచ్చి మాంసం పెట్టొద్దు. రెండూ తీసుకెళ్లేవాళ్లకే రెండు అరల ఫ్రిజ్ అవసరం. మిగతావాళ్లకు ఒక అర చాలు.

ఆకుకూరలు: తోటకూర, పాలకూర, కొత్తిమీరకు చల్లదనం మేలే చేస్తుంది. కానీ నలభై లీటర్ల పెట్టెలో ఎన్ని కట్టలు పడతాయి? తెల్లవారకముందే కోసి, నీడలో ఉంచి, తడి గోనె కప్పి, గాలి ఆడేలా సర్దుకుంటే ఉదయం అమ్మకానికి అదే చాలు. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో తడి గోనె బాగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కలో అంతగా పనిచేయదు, అక్కడ ఇంకా ముందు బయలుదేరడమే మందు. పొలం దగ్గర నిల్వకు, ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ఇటుకలు, ఇసుక, నీళ్ల శీతల గది ఉంది. కరెంటు అక్కర్లేదు. ఆకుకూరలే మీ ప్రధాన సరుకైతే ఫ్రిజ్ డబ్బులు దాని మీద పెట్టండి.

టమాటా, వంకాయ, బెండ, అరటి, మామిడి: ఇవి వెచ్చని నేల పంటలు. 4 డిగ్రీల్లో రోజుల తరబడి ఉంచితే అరటి తొక్క నల్లబడుతుంది, టమాటా రుచి పోతుంది, వంకాయ తొక్క మీద గుంటలు పడతాయి. వీటిని ఫ్రిజ్‌లో పెట్టే పనే లేదు.

పశువుల టీకాలు: గాలికుంటు టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కడితే పనికిరాదు. ఊరందరి పశువులకూ టీకా తెచ్చేవాళ్లకు ఈ ఫ్రిజ్ నిజంగా ఉపయోగం. సీసాలను చల్లటి గోడకు ఆనించకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. కృత్రిమ గర్భధారణ వీర్యం మాత్రం ఇందులో కుదరదు, దానికి సున్నాకు కింద 196 డిగ్రీల ద్రవ నత్రజని కావాలి.

జీవామృతం: కొందరు ఇది కూడా చల్లగా పెట్టాలా అని అడుగుతున్నారు. వద్దు. అందులో పనిచేసేది సూక్ష్మజీవులే, చల్లబరిస్తే వాటి పని మందగిస్తుంది. నీడలో, గోనె కప్పి ఉంచాలి. బండిలో తీసుకెళ్తే మూత గట్టిగా బిగించొద్దు, లోపల గ్యాసు చేరుతుంది.

కొట్లో చూడాల్సినవి

మీ క్యాన్లు కొట్టుకు తీసుకెళ్లి లోపల పెట్టి, మూత పడుతుందో లేదో చూడండి. 20 లీటర్ల ఫ్రిజ్‌లో 20 లీటర్ల పాలు పట్టవు, మూలలు, కంప్రెసర్ గుబ్బ వదిలేస్తే మిగిలేది తక్కువే. మూత రబ్బరు చుట్టూ ఒక కాగితం పెట్టి లాగి చూడండి, తేలిగ్గా జారితే చల్లదనం కూడా అక్కడినుంచే జారుతుంది. అడుగున నీళ్లు వదిలే రంధ్రం ఉందా, ఇంటి 230 వోల్టుల కరెంటు మీద కూడా నడుస్తుందా, కుదుపులకు, వాలుకు ఎంతవరకు తట్టుకుంటుంది అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, కంట్రోల్ బోర్డు పోతే దగ్గర్లో ఎవరు బాగుచేస్తారో అడగండి. జవాబు సరిగా రాకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

బండిలో పెట్టేటప్పుడు గాలి బయటికి పోయే జాలీ పక్కన జానెడు ఖాళీ ఉంచండి. దాని మీద గోనె సంచులు వేస్తే కంప్రెసర్ ఊపిరాడక ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. పైసా థర్మామీటర్ ఒకటి కొని లోపల పెట్టుకోండి. ఫ్రిజ్ మీద కనిపించే అంకె కన్నా, మీ పాల క్యాన్ పక్కన ఉన్న అంకెను నమ్మండి.

ఫ్రిజ్ ప్రకృతికి విరుద్ధమా?

"ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ఈ యంత్రాలెందుకు?" అనే మాట కూడా వింటున్నాను. ఆ మాటలో సగం నిజముంది. మన సరుకు దగ్గరి ఊళ్లోనే అమ్ముడుపోతే అంతకన్నా మంచిది లేదు. పది కిలోమీటర్లలోపు ఇళ్లకు పొద్దున్నే పాలు పోసేవాళ్లకు ఫ్రిజ్ దండగ, మంచి ఐసు పెట్టె చాలు. మోటారు సైకిల్ మీద వెళ్లేవాళ్లకూ అంతే. కానీ న్యాయమైన ధర ఇచ్చే కొనుగోలుదారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, పాలలో ఏదో కలిపి నిలబెట్టడం కన్నా చల్లదనంతో నిలబెట్టడమే నిజాయితీ.

నా సలహా ఇది. ముందు రెండు నెలలు ఐసు పెట్టెతో తిరగండి. వారానికి ఎన్ని ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పుకు ఎంత ఐసు, ఎంత సరుకు పాడైంది, ఒక పుస్తకంలో రాసుకోండి. ఐసు ఖర్చు, పాడైన సరుకు విలువ కలిపి రెండేళ్లలో ఫ్రిజ్, బ్యాటరీ ధరకు సమానమైతే ధైర్యంగా కొనండి. కాకపోతే ఊళ్లో నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి కొని, ఒకే బండిలో వంతులవారీగా వెళ్లండి. డీజిలు కూడా కలిసొస్తుంది. కొనేది ఏదైనా, ఇంట్లో ఐసు, బావి నీళ్లు, పొద్దున్నే లేచే అలవాటు లేకుండా ఏ ఫ్రిజ్ కూడా మన పాలను కాపాడలేదు.