కాంటా చెబుతోంది... కంప్యూటర్ వినట్లేదు!

పసుపు సీజన్‌లో నిజామాబాద్ చుట్టుపక్కల ధర్మకాంటాల దగ్గర అప్పుడప్పుడూ ఈ గొడవ కనిపిస్తుంది. లారీ కాంటా ఎక్కుతుంది. ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు నిలుస్తాయి. కంప్యూటర్లో మాత్రం సున్నా! ఆపరేటరు చేత్తో టైపు చేసి చీటీ ఇస్తాడు. ఒక్క అంకె తారుమారైతే రైతు సొమ్ము గోవిందా. 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక అక్కడ చెరకు బళ్ల వరస పోయింది గానీ, వడ్లు, మక్కల లారీలకు కాంటా తప్పదు కదా!

ఇండికేటర్ నుంచి బరువును మోసుకొచ్చేది సీరియల్ తీగ. ఈ పద్ధతి (ఆర్‌ఎస్-232) 1960 నాటిది. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు, యూఎస్‌బీ కన్వర్టర్ తగిలిస్తారు. చిక్కంతా చాలాసార్లు అక్కడే. ఊడ్చేటప్పుడు ఎవరో దాన్ని తీసి పక్క సాకెట్లో పెడతారు. విండోస్ దానికి కొత్త నెంబరు ఇచ్చేస్తుంది. సాఫ్ట్‌వేరేమో పాత కామ్3 దగ్గరే ఎదురుచూస్తూ కూర్చుంటుంది! డివైస్ మేనేజర్‌లో ‘పోర్ట్స్’ తెరిస్తే అసలు నెంబరు తెలిసిపోతుంది.

నెంబరు సరిగ్గానే ఉందా? అయితే తెర మీద ఏం వస్తోందో చూడండి. పిచ్చి గీతలూ గుర్తులూ వస్తుంటే సంతోషించండి, తీగ పనిచేస్తున్నట్టే! బాడ్ రేటు, ప్యారిటీ రెండువైపులా ఒకటిగా లేవన్నమాట. ‘పోర్టు వాడకంలో ఉంది’ అంటే మరో ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉంది. ఒకసారికి ఒక్కరికే అవకాశం.

అసలేమీ రాకపోతే చిన్న పరీక్ష. తీగ తీసేసి, కంప్యూటర్ వైపు తొమ్మిది పిన్నుల్లో 2, 3లను చిన్న వైరు ముక్కతో కలపండి. ఉచితంగా దొరికే పుట్టీ ప్రోగ్రాంలో ఆ పోర్టు తెరిచి, ఫ్లో కంట్రోల్ ఆపేసి, ఏదైనా టైపు చేయండి. (ఎక్స్‌పీ రోజుల్లో ఈ పనికి హైపర్ టెర్మినల్ ఉండేది.) కొట్టిన అక్షరం తెర మీదికొస్తే పోర్టు, కన్వర్టర్ భేష్. ఇక తీగనే అనుమానించాలి. 5వ పిన్ను, అంటే గ్రౌండు, వదులైందేమో చూడండి. ఎలుకలు కొరికాయేమో కూడా! తీగ 15 మీటర్లు దాటకపోవడం మంచిది.

మార్పులన్నీ కంప్యూటర్లోనే చేయండి. ఇండికేటర్‌కు తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. అంతా కుదిరాక ఆ నెంబరూ, బాడ్ రేటూ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించండి. కన్వర్టర్ పెట్టిన సాకెట్‌కు నెయిల్ పాలిష్ చుక్క పెట్టినా సరే!