వాళ్ల అడుగుతో మన అడుగు

అమెరికాలోని తెలుగు సోదర సోదరీమణులారా,

1981లో కాన్సస్ రాష్ట్రం విచిటా నగరంలో పోలీసులు కాగడా పట్టుకుని పరుగెత్తారు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల కోసం స్పెషల్ ఒలింపిక్స్ ఉన్నాయని జనానికి తెలియాలి, వాటికి నాలుగు డబ్బులు సమకూరాలి అన్నది ఆనాటి పోలీస్ చీఫ్ రిచర్డ్ లామున్యన్ తలపు. రెండేళ్లకు పోలీస్ చీఫ్‌ల అంతర్జాతీయ సంఘం ఆ బాధ్యతను భుజానికెత్తుకుంది. ఇవాళ ఈ దేశమంతటా, దేశం వెలుపలా ఏటా వేలాది మంది పోలీసులు ఆ పరుగులో పాలుపంచుకుంటున్నారు. ఇన్నేళ్లలో కోట్లాది డాలర్లు పోగుచేశారు.

ఇది వాళ్ల ఉద్యోగ ధర్మంలో ఎక్కడా రాసిలేదు. అయినా గడ్డకట్టించే చలిలో చెరువుల్లోకి దూకి విరాళాలు తెస్తారు. రెస్టారెంట్లలో వడ్డించి, వచ్చిన టిప్పులన్నీ ఇచ్చేస్తారు. డోనట్ దుకాణాల పైకప్పులెక్కి చందాలు అడుగుతారు. ఎందుకంటే స్పెషల్ ఒలింపిక్స్‌లో ఆడేవాళ్ల దగ్గర రుసుము తీసుకోరు. మైదానానికి, బస్సుకు, బసకు, భోజనానికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ ఎవరో ఒకరు తామే కావాలని వీళ్లు ముందుకొచ్చారు.

ఆ పరుగును ఒకసారి దగ్గరగా చూడండి. ముందు పోలీసు మోటారు సైకిళ్లు ట్రాఫిక్ ఆపుతూ వెళతాయి. వెనక ఒకే రంగు టీషర్టుల్లో పోలీసులు, వాళ్ల నడుమ ఒక క్రీడాకారుడు. కాగడా పిడి మీద రెండు చేతులు, పోలీసుది ఒకటి, అతనిది ఒకటి. అతని వేగమే అందరి వేగం. అతనికి ఆయాసం వస్తే అందరూ నడుస్తారు. మళ్లీ అతను అందుకుంటే అందరూ పరుగెడతారు. తుపాకీ, బ్యాడ్జీ ఉన్న మనిషి తన అడుగును ఆ కుర్రాడి అడుగుకు కుదించుకుంటున్నాడు. మనం నేర్వాల్సింది అక్కడే ఉంది.

ఇక మన సంగతి చూద్దాం. ఉగాదికి, సంక్రాంతికి హాలు నిండిపోతుంది. అందులో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు, మాట సరిగా రాని పిల్లలు ఎందరు కనబడుతున్నారు? వాళ్లు మన ఇళ్లలో లేకపోలేదు. ‘గోల చేస్తాడేమో, నలుగురూ ఏమనుకుంటారో’ అని తల్లో తండ్రో బిడ్డతో ఇంట్లోనే ఆగిపోతున్నారు. ‘మీవాడు ఏ కాలేజీ?’ అన్న ప్రశ్నకు జడిసి పెళ్లిళ్లకే రాని తల్లులున్నారు. ఆ జంకు వాళ్ల తప్పు కాదు. పుట్టించింది మన చూపులు, మన ఆరాలు. పోగొట్టాల్సిందీ మనమే.

దేశాధ్యక్షుణ్ణి కన్న ఇల్లు కూడా ఒకనాడు ఇలాగే తలుపులు మూసుకుంది. కెనెడీల ఆడబిడ్డ రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉన్న సంగతి ఏళ్ల తరబడి గడప దాటలేదు. 1962లో చెల్లెలు యూనిస్ ష్రైవర్ ఆ సంగతి పత్రికలో బాహాటంగా రాశారు. అదే ఏడాది మేరీల్యాండ్‌లోని తన ఇంటి ఆవరణలోనే అలాంటి పిల్లలకు ఆటల శిబిరం పెట్టారు. 1968లో షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో తొలి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. ఒక కుటుంబం దాపరికం మానుకుంటే ఇంత జరిగింది.

మన తెలుగు నేల మీద సాక్ష్యం కావాలా? వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన, మేధో వైకల్యం ఉన్న జీవాంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో వెక్కిరించినవాళ్లున్నారు. కన్నవాళ్లు ఆమెను దాచలేదు. నాగపురి రమేశ్ వంటి కోచ్‌లు ఆమెను పరుగుబాట పట్టించారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ప్రతి బిడ్డా పతకం తేనక్కర్లేదు. ప్రతి బిడ్డకూ పరుగెత్తే చోటు మాత్రం ఉండాలి.

మరో మాట. వీధిలో పోలీసు అడిగినదానికి బదులివ్వని, కళ్లలోకి చూడని కుర్రాడు రేపు మన ఇంటివాడే కావచ్చు. అలాంటివాళ్లతో కలిసి పరుగెత్తిన పోలీసుకు ఆ మౌనం ధిక్కారం కాదని తెలుస్తుంది. మన పిల్లలను ఆ పోలీసులు పేరుపెట్టి పిలిచే రోజు రావాలంటే మనమూ ఆ పరుగులో ఉండాలి.

కాబట్టి కదలండి. మీ రాష్ట్ర స్పెషల్ ఒలింపిక్స్ కార్యాలయానికి ఫోన్ చేసి, ఆ కాగడా పరుగు (టార్చ్ రన్) మీ ఊరికి ఎప్పుడొస్తుందో కనుక్కోండి. ఎనిమిదేళ్లు నిండినవాళ్లు పోటీల్లో పాల్గొనవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లకు వేరే ఆటలున్నాయి. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడే యూనిఫైడ్ స్పోర్ట్స్‌లో మీ హైస్కూలు పిల్లల్ని చేర్చండి. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికని పంపకండి, స్నేహం చేయడానికి పంపండి.

తెలుగు సంఘాల పెద్దలారా, ప్రతి నగరంలో మన పేరిట ఒక పరుగు జట్టు కట్టండి. వేడుకల్లో ఈ పిల్లలకు వేదిక మీద చోటివ్వండి, సద్దు భరించలేనివాళ్లకు ఒక ప్రశాంతమైన గది కేటాయించండి. ఇంట్లో ఆగిపోయిన తల్లికి మీరే ఫోన్ చేసి, ‘అమ్మా, బాబును తీసుకుని రండి, మేమంతా ఉన్నాం’ అనండి. అన్నాక నిజంగా ఉండండి.

ఈ దేశంలో చదువుకున్నాం, సంపాదించాం, ఇళ్లు కట్టుకున్నాం. మన పిల్లల కోసం మనకు పరిచయం లేని పోలీసులు పరుగెడుతున్నారు. వాళ్లకు చప్పట్లు కొట్టి ఊరుకుంటే చాలదు. ఈ ఏడాది మీ ఊళ్లో ఆ పరుగు మొదలయ్యేసరికి ప్రతి తెలుగు కుటుంబం నుంచీ ఒక్కరైనా ఆ వరుసలో నిలబడాలి.