చెప్పి వెళ్ళండి

మొన్న వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా తంగళ్ళపల్లిలో పక్కింటి ముందు కారు ఆగింది. రెండేళ్ళ తర్వాత ఇంటాయన దుబాయి నుంచి వచ్చాడు. వాడకట్టంతా వాకిట్లోనే ఉంది. పెట్టెలు దింపకముందే ఆయన కొడుకు వైపు రెండు చేతులూ చాచాడు. మూడేళ్ళు ఇంకా నిండని ఆ పిల్లవాడు కెవ్వుమని తల్లి కొంగు వెనక దాక్కున్నాడు.

“మీ బాపు రా, పో” అని నలుగురూ ముందుకు నెట్టారు. వాడు విదిలించుకుని ఇంట్లోకి పరుగెత్తాడు. తల్లి ఫోను పట్టుకొచ్చి, “బాపు గిండ్ల ఉన్నడు” అన్నాడు.

అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు.

మర్నాడు మా అరుగుమీద కూర్చుని, “అక్కా, వాని కోసమే గంత దూరం పోయి ఎండల మాడితి. వాడే నన్ను పరాయోణ్ణి చేసిండు” అన్నాడు. కాస్సేపాగి, “రెండు నెలలాయె అంటె మళ్ల పోవాలె. పోయినసారి లెక్కనే వాడు పండుకున్నప్పుడు పోత. ఏడిస్తె చూడలేను” అన్నాడు.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఇటువంటి తండ్రులు ఎందరో! అందుకే ఈ వారం ఈ సంగతి.

మన పెద్దవాళ్ళు బిడ్డ ఎదుగుదలకు ఎంత ముచ్చటైన పంచాంగం రాశారో చూడండి. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు పంచమన్నారు. కాని మనసు వేసే అడుగొకటి ఉంది. దానికే పిండివంటా లేదు. పైగా చీవాట్లు పెడతాం. ఎనిమిదో నెల దాటాక బిడ్డ కొత్తవాళ్ళను చూస్తే ఏడుస్తుంది. తల్లి పక్క గదిలోకి వెళ్ళినా ఊరుకోదు. “అతి గారాబం” అని మనం విసుక్కుంటాం.

అది గారాబం కాదు, తెలివి. జీన్ పియాజే అనే స్విట్జర్లండు శాస్త్రవేత్త తన ముగ్గురు పిల్లలనే ఊయల నాటి నుంచీ గమనించాడు. కాస్త పసివాళ్ళుగా ఉన్నప్పుడు వాళ్ళు చూస్తుండగానే బొమ్మమీద గుడ్డ కప్పితే, దాన్ని వెతికేవారు కారు. ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చేసరికి గుడ్డ లాగి వెతకసాగారు. కంటికి కనిపించనిది కూడా ఎక్కడో ఉంటుందని అప్పటికి తెలిసిందన్నమాట. అమ్మ ఎక్కడో ఉందని తెలిసినవాడే కదా అమ్మ కోసం ఏడ్చేది! ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని తీసే ఆట బిడ్డకు అంత సంబరం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? పోయినవాళ్ళు తిరిగి వస్తారన్న పాఠం అందులో ఉంది.

1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఇంగ్లండులో ఒక చిన్న చిత్రం తీశాడు. రెండున్నరేళ్ళ పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ రోజుల్లో తలిదండ్రులను పిల్లల దగ్గర ఉండనిచ్చేవారు కారు. పాప పెద్దగా అల్లరి చెయ్యలేదు, బుద్ధిమంతురాలని అనిపించింది. తీరా ఇంటికి వెళ్ళేనాడు తల్లి చెయ్యి పట్టుకోలేదు! నెమ్మది అనుకున్నది నిజానికి దుఃఖం. 1959లో అక్కడి ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తలిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది.

ఇవన్నీ చదివిన నేను చేసిందేమిటి? మా అమ్మాయికి ఏడాదిన్నర అప్పుడు, మా అత్తగారు దాన్ని పెరట్లోకి తీసుకుపోయి కోళ్ళను చూపిస్తుంటే, నేను చెప్పులు చేత పట్టుకుని వీధి గుమ్మంలోంచి కాలేజీకి జారుకునేదాన్ని. ఏడుపు తప్పించానని సంతోషించాను. నెల తిరగకుండా అది నిద్రలో కూడా నా కొంగు వదలడం మానేసింది. కోళ్ళను చూపిస్తానంటే కెవ్వుమనేది. అమ్మ ఏ క్షణాన మాయమవుతుందో తెలియని బిడ్డ ఇక కన్ను మూసేదెట్లా? తర్వాత రోజూ ముద్దుపెట్టి, “పోయి సాయంత్రం వస్తా” అని చెప్పి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట్లో గుండెలవిసేలా ఏడ్చింది. కొన్నాళ్ళకు గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపింది.

పక్కింటాయనకు ఇదే చెప్పాను. “తమ్ముడూ, వాడు నిన్ను కాదనలేదు. పది నెలలప్పుడు చూసిన మనిషి గుర్తుండకపోవడం వాడి తప్పు కాదు. ఎత్తుకోవడానికి తొందరపడకు. వాడు ఆడేచోట కూర్చో, వాడే వస్తాడు. పోయేటప్పుడు మాత్రం చెప్పి పో. రేపే వస్తానని అబద్ధమాడకు.”

వారం రోజులు తల్లి బీడీలు చుడుతుంటే, తండ్రి పక్కనే కూర్చుని కొడుకుతో అగ్గిపెట్టెల బండి చేశాడు. ఎనిమిదో రోజున వాడు తండ్రి భుజమెక్కి మరమగ్గాల చప్పుడు వినడానికి బయలుదేరాడు.

ప్రయాణం నాటి తెల్లవారుజామున ఆయన కొడుకును లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. వాడు చొక్కా పట్టుకుని ఏడ్చాడు. ఆయనా ఏడ్చాడు. కారు సిద్దిపేట దారి పట్టింది. ఆ రోజంతా వాడు “బాపు ఏడి?” అని అడుగుతూనే ఉన్నాడు, తల్లి విసుక్కోకుండా చెబుతూనే ఉంది.

మర్నాడు ఫోను వచ్చింది. గోడ ఇవతల నాకు వినిపించింది. వాడు ఈసారి అడిగిన మాట ఇది:

“బాపూ, ఇంటికి ఎప్పుడొస్తవ్?”

బాపు ఫోనులో లేడని వాడికి తెలిసింది.