తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేయకండి!

రాత్రి పదకొండున్నరకి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ థర్డ్ ఇయర్. "అన్నా, మూడ్రోజుల నుంచి 'పర్మిషన్ డినైడ్' అనే వస్తోంది. కోడింగ్ నాకు సెట్ కాదేమో!" అన్నాడు. గొంతు అదోలా ఉంది.

నాకు నవ్వు రాలేదు. థర్డ్ ఇయర్‌లో నేనూ సరిగ్గా అదే లైన్ చూసి లాప్‌టాప్ మూసేశా. మళ్లీ రెండేళ్లు ఓపెన్ సోర్స్ జోలికే పోలేదు.

వాడు మొదలుపెట్టింది మంచి పనే. మన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్పు పంపొచ్చు. కాకపోతే పంపింది నేరుగా కలిసిపోదు. గెరిట్‌లో రివ్యూ జరగాలి. వేరేవాళ్లు చదివి ఓకే అంటేనే లోపలికి. టెర్మినల్ నుంచి అక్కడికి పంపాలంటే గిట్, ఎస్ఎస్‌హెచ్ కీ, గిట్-రివ్యూ మూడూ కుదరాలి. నాలాంటివాళ్లు ఆగిపోయేది ఇక్కడే.

వీడియో కాల్ పెట్టి ఒక్కొక్కటీ చూశాం.

మొదట గిట్. గెరిట్ ఖాతాలో ఉన్న మెయిల్ ఐడీనే గిట్ కాన్ఫిగ్‌లోనూ ఉండాలి. అక్కడ కాలేజీ మెయిల్, ఇక్కడ జీమెయిల్ ఉంటే పంపింది వెనక్కి కొట్టేస్తుంది. వాడిది కరెక్ట్‌గానే ఉంది.

తర్వాత కీ. ఎస్ఎస్‌హెచ్-కీజెన్ అని కొడితే రెండు ఫైళ్లు తయారవుతాయి. చివర్లో డాట్ పబ్ ఉన్నది తాళం అనుకోండి. దాన్ని కాపీ చేసి గెరిట్ సెట్టింగ్స్‌లో పెట్టాలి. రెండోది తాళంచెవి. అది మీ లాప్‌టాప్ దాటకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇదేనా?" అని అడగొద్దు.

"ఒరేయ్, నువ్వు పెట్టిందేది?"

"డాట్ పబ్బే అన్నా."

మరి తప్పెక్కడ? ఎర్రర్ మళ్లీ చదవమన్నా. 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' అని వస్తే దారే మూసుకుపోయిందని. గెరిట్ ఎస్ఎస్‌హెచ్ మామూలుగా 29418 పోర్ట్‌లో ఉంటుంది. కాలేజీ వైఫైలో అది బ్లాక్ అయి ఉంటే మొబైల్ హాట్‌స్పాట్‌తో ట్రై చేయాలి. 'పర్మిషన్ డినైడ్' అంటే అది కాదు. తలుపు దాకా వెళ్లాం, మనమెవరో లోపల గుర్తుపట్టలేదు. అంతే.

యూజర్‌నేమ్ ఇవ్వకపోతే ఎస్ఎస్‌హెచ్ మన లాప్‌టాప్ లాగిన్ పేరే పంపిస్తుంది. వాడి లాప్‌టాప్‌లో ఏ పేరుందో తెలుసా? మా చిన్నాన్నది! కొన్నరోజు ఆయనే కూర్చుని తన పేరు కొట్టారట. మూడ్రోజులుగా వీడు నాన్న పేరు చెప్పి తలుపు కొడుతున్నాడు.

గెరిట్ యూజర్‌నేమ్ ఇచ్చి మళ్లీ కొట్టించా. వెల్‌కమ్ మెసేజ్ వచ్చి కనెక్షన్ కట్ అయింది. అలా కట్ అవడం తప్పు కాదు, అక్కడ షెల్ ఇవ్వరు. పని అయినట్టే.

ఇక పిప్‌తో గిట్-రివ్యూ ఇన్‌స్టాల్ చేసి, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో 'గిట్ రివ్యూ -ఎస్' కొట్టాలి. అప్పుడు ఒక చిన్న హుక్ వచ్చి చేరుతుంది. ప్రతి కమిట్ మెసేజ్ కింద ఛేంజ్-ఐడీ అనే లైన్ పెట్టడం దాని పని. అది మన హాల్‌టికెట్ నంబర్ లాంటిది. రివ్యూలో ఏదైనా దిద్దమంటే కొత్త కమిట్ చేయొద్దు. పాతదాన్నే అమెండ్ చేసి మళ్లీ 'గిట్ రివ్యూ' కొట్టాలి. నంబర్ అదే ఉంటుంది, రెండో ప్యాచ్‌సెట్ అవుతుంది. నేను మొదట్లో దిద్దిన ప్రతిసారీ కొత్త కమిట్ చేసి, ఒకే పనికి మూడు ఎంట్రీలు పెట్టా. సిగ్గేసింది కానీ ఎవరూ తిట్టలేదు.

పావు తక్కువ ఒంటిగంటకి వాడి మార్పు వెళ్లింది. స్పెల్లింగ్ మిస్టేక్ దిద్దిన ఒక్క లైన్. వాడి అరుపుకి పక్కగదిలో చిన్నాన్న లేచారు.

రెండ్రోజులకి మళ్లీ ఫోన్. "అన్నా, మైనస్ వన్ ఇచ్చారు!"

"అది మార్కులు కాదురా. ఇలాగే కలపొద్దు, కొంచెం మార్చు అని. కింద కామెంట్ చదివావా?"

"కమిట్ మెసేజ్ ఇంకొంచెం వివరంగా రాయమన్నారు."

"మరి?"

"రాస్తున్నా అన్నా."

వాడు లాప్‌టాప్ మూయలేదు. ఆ ఒక్క విషయంలో నాకంటే వాడే నయం.